చేతి బరువు

గురువారం పొద్దున ఆఫ్రా తలుపు తీసేసరికి ఆకాశం కడిగి ఆరేసినట్టు ఉంది. నాలుగు రోజులు వదలకుండా పడిన మంచు రాత్రెప్పుడో ఆగిపోయింది. ఆమె పెరట్లోకి వెళ్ళి, కొలత పలక మీద పేరుకున్న కొత్త మంచులో కర్ర గుచ్చి చూసింది. మూడు వేళ్ళ మందం, అంతే. పలకను చేత్తో తుడిచి మళ్ళీ సమంగా పెట్టింది. గాలి ఎంత చల్లగా ఉందో చూసింది, మంచు లోపల ఎంత చల్లగా ఉందో చూసింది. అవన్నీ అయ్యేదాకా తల ఎత్తలేదు.

తర్వాత ఎత్తింది. ఎదుటి కొండవాలు, గొర్రెల వాలు, శిఖరం దగ్గర్నుంచి దారి అంచు దాకా ఎక్కడా చిన్న గీత కూడా లేకుండా ఎండలో మెరుస్తోంది.

రాత్రి ఆ వాలు మీది మంచు విరిగి పడి ఉంటే బాగుండునని, మెలకువ వచ్చినప్పటినుంచీ తాను కోరుకుంటూనే ఉందని ఆఫ్రాకు అప్పుడు తెలిసింది. దారిని కప్పేసి, దారి కింద ఏట్లోకి దూకి, నాలుగు కరెంటు స్తంభాలను కూడా లాక్కుపోయి ఉంటే ఈ పొద్దున కాఫీ గొంతు దిగేది. మంచుచరియ పడాలని కోరుకునే మనిషిని తాను ఇదివరకెన్నడూ చూడలేదు. ఆమె కర్రను మంచులో గుచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

పై ఊరికీ కింది ఊరికీ మధ్య ఉన్నది ఒక్కటే దారి. అది గొర్రెల వాలు అడుగు నుంచి పోతుంది. దాన్ని ఎప్పుడు మూయాలో ఎప్పుడు తెరవాలో చెప్పవలసింది పై ఊళ్ళో ముగ్గురు: వడ్రంగి మైన్‌రాడ్, దారి మీద మంచు తోసే బండి నడిపే సెవెరిన్, మంచును కొలిచే ఆఫ్రా. ముగ్గురిలో ఏ ఒక్కరు వద్దన్నా దారి మూతే. కూర్చుని మాట్లాడుకునేటప్పుడు వయసులో చిన్నవాళ్ళు ముందు మాట్లాడాలి. పెద్దవాళ్ళు ముందు నోరు తెరిస్తే చిన్నవాళ్ళు తలాడించి ఊరుకుంటారని ఎప్పుడో పెట్టుకున్న కట్టుబాటు అది. ముగ్గురిలో చిన్నది ఆఫ్రా. బుధవారం మధ్యాహ్నం ముందు మాట్లాడి, మూసేయాలన్నది ఆమే.

ఆ సాయంత్రమే కాసియన్ గుండె పట్టుకుని వంటింట్లో కూలబడ్డాడు. మంచుకు హెలికాప్టరు ఎగరలేకపోయింది. కింది ఊరి నుంచి అంబులెన్సు, మూసిన దారికి అడ్డంగా దించిన అడ్డకర్ర దాకా వచ్చి ఆగింది. వాలు కింద దాటాల్సింది రెండు నిమిషాల దారి, వదిలేస్తే వెళ్ళిపోతానని డ్రైవరు రేడియోలో అడిగాడు. మైన్‌రాడ్ రేడియో చేతిలో పట్టుకుని ఆఫ్రా వైపు చూశాడు. వద్దంది. డ్రైవరు ఇంకోసారి అడిగాడు. ఇంకోసారీ వద్దంది. ఇరుగుపొరుగు మగవాళ్ళు వంతులేసుకుని కాసియన్ రొమ్ము మీద నొక్కుతూనే ఉన్నారు. చివరికి అతని భార్య వాల్బుర్గాయే వాళ్ళ చేతులు పట్టుకుని ఆపింది.

గురువారం పొద్దున రొట్టెల దుకాణంలో ఆరుగురు ఉన్నారు. ఆఫ్రా లోపలికి రాగానే మాటలు ఆగాయి. ఆగి మళ్ళీ మొదలయ్యాయి గానీ, అవి వేరే మాటలు. దుకాణం నడిపే క్రెసెంజ్ కాగితంలో రొట్టె చుడుతూ, కిటికీలోంచి వాలు వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"రాత్రంతా అది ఓపిగ్గానే కూచుంది. కాసియనే ఓపిక పట్టలేకపోయాడు."

ఎవరూ నవ్వలేదు. ఆఫ్రా రొట్టె తీసుకుంది. బయటికి వచ్చాక చూసుకుంటే, అడిగిన ముదురు రంగు రొట్టె కాదు, తెల్లది. మార్చుకోవడానికి వెనక్కి వెళ్ళబుద్ధి కాలేదు.

ఆమె భర్త ఎగిడ్‌కు కింది ఊరి అవతల కరెంటు కేంద్రంలో ఉద్యోగం. నిన్న దారి మూసినప్పటినుంచీ అక్కడే చిక్కుకుపోయాడు. ఫోన్లో, నువ్వు చేసింది సరైన పనే అన్నాడు. ఎవరైనా అలాగే చేసేవారు అన్నాడు. ఆ మాటలు ఆమెకు రుచించలేదు. ఎవరైనా చేసి ఉండొచ్చు. చేసింది మాత్రం తాను.

*

మధ్యాహ్నం శవం దగ్గర జపమాల ప్రార్థనకు ఆఫ్రా ఎండుద్రాక్ష రొట్టె పట్టుకుని వాల్బుర్గా ఇంటికి వెళ్ళింది. వాల్బుర్గా ఆమెకు జ్ఞానతల్లి. బాప్తిస్మం రోజున చేతుల్లో పట్టుకున్న మనిషి. కన్నతల్లి పోయాక ఆఫ్రా ఊళ్ళో పెద్దమ్మా అని పిలిచేది ఆమె ఒక్కదాన్నే.

కాసియన్‌ను ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే ఉత్తరపు గదిలో ఉంచారు. ఆదివారం కోటు తొడిగారు. కొండ మీది కొట్టంలో నలభై ఏళ్ళు జున్ను తిప్పిన చేతులు ఎంత కడిగినా గరుకుగానే ఉన్నాయి. ఆఫ్రా అందరికన్నా వెనక మోకరిల్లింది. జపం పలికే వరుసలో తన గొంతు వినిపించకుండా పెదవులు మాత్రం కదిపింది.

అయిపోయాక వాల్బుర్గా ఆమెను వంటింట్లోకి పిలిచింది. పొయ్యి పక్కన నిలబడి, కాఫీ పోసి, అడక్కుండానే రెండు ముక్కల చక్కెర వేసి ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆఫ్రా కప్పు పట్టుకుంది గానీ తాగలేదు.

"ఈ కిటికీలోంచి అడ్డకర్ర కనబడుతుంది, తెలుసా," అంది వాల్బుర్గా. "నిన్న నీలం లైటు తిరగడం ఇక్కడికి కనబడింది. ఆయనకు చూపించాను. వచ్చేశారు, ఇంక రెండు నిమిషాలు అన్నాను."

ఆఫ్రా కిటికీ వైపు చూడలేకపోయింది.

"ఆయన నమ్మాడు," అంది వాల్బుర్గా.

ఆ తర్వాత ఆమె మామూలు విషయాలు చెప్పింది. పై ఊళ్ళో ఉన్నది చిన్న ప్రార్థన మందిరమే. చర్చి, సమాధులు కింది ఊళ్ళో ఉన్నాయి. శనివారం పదింటికి అని ఫాదర్ గారు చెప్పారు. తవ్వేవాళ్ళు ఇవాళే మొదలుపెట్టారు. తన చెల్లెలు ఇన్స్‌బ్రుక్ పట్నం నుంచి వచ్చి కింది ఊళ్ళో సత్రంలో కూచుంది. శవాన్ని హెలికాప్టర్లో తీసుకెళ్ళమని ఎవరో అడిగారట, అది బతికున్నవాళ్ళకేనని చెప్పారట. ఆ మాట చెబుతున్నప్పుడు వాల్బుర్గా మూతి ఒక పక్కకు కదిలింది. అది నవ్వో కాదో తెలియలేదు.

"మైన్‌రాడ్ అన్నాడు, దారి నీ మాట మీద ఉందట."

"ముగ్గురిదీ, పెద్దమ్మా."

"ఆయన్ని నడిపించుకుని తీసుకెళ్ళలేకపోయాం. మోసుకునైనా తీసుకెళ్ళనివ్వండమ్మా."

కప్పులో కాఫీ మీద మీగడ కట్టింది. ఆఫ్రా దాన్ని అలాగే బల్ల మీద పెట్టి లేచింది.

*

శుక్రవారం పొద్దున ఆఫ్రా, సెవెరిన్ మంచు మీద నడిచే స్కీల అడుగున, వెనక్కి జారకుండా, నూగు పట్టీలు అంటించుకుని అడవి అంచు వెంట పైకెక్కారు. గొర్రెల వాలు మీదికి ఎవరూ వెళ్ళరు. దానికి పక్కన, చెట్ల వెనక, అదే ఎత్తులో, అదే దిక్కుకు తిరిగి చిన్న గట్టు ఒకటుంది. అది విరిగినా మోకాళ్ళ దాకా కప్పుతుందే గానీ మనిషిని తీసుకుపోదు. గొర్రెల వాలును అడగాలనుకున్నదంతా ఆ గట్టునే అడుగుతారు.

సెవెరిన్ పెద్ద శరీరం. నోరు ఊరుకోదు. బండి ఎక్కి కూచుంటే మంచు దానంతట అదే పక్కకు జరుగుతుందనీ, ఇలా చేత్తో తవ్వడం నామోషీ అనీ ప్రతిసారీ అనే మాటే అన్నాడు. "నేను తవ్విన గోతులన్నీ మా పెరట్లో తవ్వి ఉంటే మా ఆవిడకి ఈపాటికి చేపల చెరువు ఉండేది." ఆఫ్రా నవ్వాలని గుర్తొచ్చి నవ్వింది. బుధవారం సాయంత్రం కాసియన్ రొమ్ము నొక్కినవాళ్ళలో సెవెరిన్ కూడా ఉన్నాడు. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

గొయ్యి నేల దాకా తవ్వాక, నీడ పడే వైపు గోడను ఆఫ్రా పారతో చెక్కి నున్నగా చేసింది. చేతి తొడుగు తీయకుండా పైనుంచి కిందికి నొక్కుకుంటూ వచ్చింది. పైన పిడికిలి దిగింది. కొంచెం కింద నాలుగు వేళ్ళు మాత్రమే దిగాయి. ఇంకా కింద ఒక్క వేలు. తర్వాత పెన్సిలు మొన. అక్కడికి గట్టిగా, నమ్మకంగా ఉంది. మోకాలికి కాస్త పైన మాత్రం, గట్టిపొర అడుగున, వేలు పెట్టగానే పిడికిలంతా లోపలికి పోయింది. గింజలు జలజలా రాలాయి. నవంబరులో పడ్డ తొలి మంచు అది. చలికి లోలోపల గింజకట్టి, పంచదారలా విడివిడిగా మారి, శీతాకాలం మొత్తాన్నీ మోస్తూ అక్కడే ఉంది. ఇంత చలిలో ఆ గింజలు ఒకదానికొకటి అతుక్కోవడానికి వారాలు పడుతుంది. బుధవారం ఉన్నట్టే ఉంది.

"అదే," అన్నాడు సెవెరిన్, లోపలికి తొంగిచూసి.

"అదే," అంది ఆఫ్రా.

ఇక దిమ్మ. గోడ అంచు నుంచి మూరెడు లోపలికి, రెండు మూరల వెడల్పున ఆమె రంపంతో రెండు పక్కలా కోసింది. వెనక వైపు ముడులు వేసిన తాడు పెట్టి ఇద్దరూ చెరొక కొసా పట్టుకుని లాగి కోశారు. ఇప్పుడా దిమ్మ నాలుగు వైపులా విడిపోయి, అడుగున పంచదార పొర మీద మాత్రమే నిలబడి ఉంది. ఒక కొసన పార రేకు బోర్లించి, దాని మీద చేత్తో కొట్టాలి. మణికట్టు నుంచి పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది. చెయ్యి తన బరువుతో తాను పడాలి. తొయ్యకూడదు, ఆపకూడదు. పగులు దెబ్బ తగిలిన చోటే ఆగితే వాలు పట్టుకుని ఉన్నట్టు. ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుగెడితే, ఒక మనిషి అడుగు చాలు, వాలంతా కదలడానికి.

బుధవారం మోచేతి దెబ్బల్లో ఐదోదానికి దిమ్మ ఒక్కసారిగా ఊడి ఆమె ఒళ్ళో పడింది.

ఆమె మొదలుపెట్టింది. మణికట్టు దెబ్బలకు ఏమీ కాలేదు. సెవెరిన్ మోకాళ్ళ మీద కూచుని, దిమ్మ పక్కనే ముఖం పెట్టి చూస్తున్నాడు. మోచేతి దెబ్బలు. ఆమె కళ్ళు పార మీద ఉన్నాయి గానీ, కనబడుతున్నది వంటింటి కిటికీ. ఆయన నమ్మాడు. భుజం దెబ్బలు మొదలయ్యాయి. చెయ్యి పైకి లేస్తోంది, దిగుతోంది. దిగుతున్న చోట పార చప్పుడు చేయడం లేదు. సగం దాకా వచ్చాక ఆఫ్రా తన చేతిని తాను చూసింది. బిడ్డను జోకొడుతున్నట్టుంది. రేకు దగ్గరికి వచ్చేసరికి అది తనంతట తానే నెమ్మదించి, ఆనుకుని, లేస్తోంది.

ఆమె ఆపలేదు. మిగిలినవి కూడా అలాగే కొట్టింది. చివరి దెబ్బకు పార కింద వెంట్రుకంత పగులు కనిపించి అక్కడే ఆగింది.

"పట్టుకుంది," అన్నాడు సెవెరిన్. ఆవు వీపు నిమిరినట్టు దిమ్మను నిమిరాడు. "ఆఫ్రా, పట్టుకుంది."

ఇంకో దిమ్మ కోయాలన్నది ఆమెకు తోచకపోలేదు. రెండోది కోస్తే రెండు జవాబులు వస్తాయి. ఆమె రంపానికి అంటిన మంచు దులుపుతూ కూచుంది. ఈలోగా సెవెరిన్, గోతిలో ఎవరూ పడకుండా ఎప్పుడూ చేసేట్టే, పారతో మంచు లాగి గొయ్యి పూడ్చేశాడు.

*

అగ్నిమాపక కేంద్రం పైగదిలో సాయంత్రం ఐదింటికి కూచున్నారు. మైన్‌రాడ్ వచ్చేసరికి చొక్కా చేతుల మీద రంపపు పొట్టు ఉంది. శవపేటిక ఆయనే చేశాడు. పొద్దున్నుంచీ అదే పని. కాసియన్ పొడుగు మనిషి కదా, సరిపోయే పలకల కోసం అటక మీది పాత కర్ర దింపాల్సి వచ్చిందని చెప్పాడు. పైనుంచి పేలుడు వేసి చరియను దింపే హెలికాప్టరు సోమవారం గానీ ఖాళీ లేదన్నాడు. కింది లోయల్లో పెద్ద ఊళ్ళు, పెద్ద రోడ్లు. ముందు వాటి వంతు.

తర్వాత ఆఫ్రా వైపు తిరిగాడు. "ఊఁ. నువ్వు ముందు."

ఆఫ్రా చూసింది చెప్పింది. పంచదార పొర బుధవారం ఉన్న చోటే ఉంది. గాలి లేదు, కొత్త మంచు లేదు. దిమ్మ ముప్ఫై దెబ్బలకూ పట్టుకుంది. పగులు పరుగెత్తలేదు. ఒక్క మాటా అబద్ధం కాదు. ఆ మాటలన్నీ వరసగా బయటికి వచ్చి బల్ల మీద సర్దుకున్నట్టు కూచున్నాయి.

"నీకేమనిపిస్తోంది?" అన్నాడు మైన్‌రాడ్.

"పట్టుకుంది."

"అది దిమ్మ సంగతి. నీకు?"

సెవెరిన్ కుర్చీలో కదిలాడు. నేనూ పక్కనే ఉండి చూశాగా అన్నాడు. మైన్‌రాడ్ ఇంకా ఆమె వైపే చూస్తున్నాడు. ఆఫ్రా ఆయన చొక్కా మీది పొట్టును చూస్తూ, తెరవొచ్చు అంది.

అంతే. తొమ్మిదిన్నర నుంచి ఒక గంట తెరవాలనుకున్నారు. ముందు మంచు తోసే బండి, తర్వాత పేటిక, తర్వాత జనం ఎడం ఎడంగా. ఎక్కడా నిలబడకూడదు, పాటలు వాలు దాటాకే. మైన్‌రాడ్ అక్కడి నుంచే ఫాదర్ గారికి ఫోన్ చేశాడు.

కబురు ఆమెకన్నా ముందు ఊళ్ళోకి వెళ్ళింది. రొట్టెల దుకాణం ముందు నుంచి పోతుంటే క్రెసెంజ్ తలుపు తీసి పిలిచి, వేడి రొట్టె ఒకటి చేతిలో పెట్టింది. ఈసారి ఆఫ్రా ఎప్పుడూ కొనే రకమే. ఎదురైన మనుషులు తలలూపి పలకరించారు. ఒక ముసలాయన టోపీ ఎత్తాడు. ఎగిడ్ ఫోన్లో, రేపు పొద్దున అటునుంచి నడిచి వచ్చి ఊరేగింపుకు ఎదురొస్తానన్నాడు. మూడు రోజుల మాసిన బట్టలు తెస్తున్నానని నవ్వాడు. దిమ్మ బాగా పట్టుకుందా అని అడిగాడు. పట్టుకుందంది. మూడోసారి అనేసరికి ఆ మాట అరిగిపోయి, నిజమో కాదో తెలియనంత నున్నగా అయింది.

ఆమె రొట్టె కోసింది. కుడి అరచెయ్యి చూసుకుంది. బుధవారం దెబ్బలకు రాత్రి దాకా మంట పెట్టిన చెయ్యి. ఇవాళ అందులో ఏమీ లేదు.

*

శనివారం వాల్బుర్గా ఇంటి ముందు ఎనిమిదిన్నరకే జనం చేరారు. చక్రాలు లేని జారుడుబండి మీద పేటికను తాళ్ళతో కట్టారు. మోసేవాళ్ళు ఆరుగురూ నిలబడే వేడి సూపు తాగుతున్నారు. బాజా వాళ్ళు చలికి బిగుసుకుపోకుండా బూరల మూతులు ఊడదీసి చంకల్లో పెట్టుకున్నారు. బడిపిల్లలు నలుగురు కొమ్మలతో కట్టిన దండను నాలుగు వైపులా పట్టుకుని, దాన్ని మంచులో ఆనించొద్దని ఒకరినొకరు కసురుకుంటున్నారు. సెవెరిన్ అప్పుడే మంచు తోసే బండితో అడ్డకర్ర దాకా దారి తోసి వచ్చాడు. శుభ్రంగా ఉందనీ, పెళ్ళిబాటలా ఉందనీ అనబోయి నాలుక కరుచుకున్నాడు.

దండ పట్టుకున్న పిల్లల పక్కనుంచి దాటుతున్నప్పుడు ఆఫ్రా లెక్కపెట్టలేదు గానీ, కళ్ళు మాత్రం ఒక్కొక్క ముఖం మీదా ఆగి వెళ్ళాయి. వెనక తలుపు నుంచి వంటింట్లోకి వెళ్ళింది.

వాల్బుర్గా ఒక్కతే ఉంది. నల్ల చేతి తొడుగు ఒకటి వేసుకుని, రెండోది వేసుకోబోతోంది.

"పెద్దమ్మా, దారి దాటకూడదు."

"మైన్‌రాడ్ తెరిచానన్నాడే."

"నేను చెప్పబట్టి తెరిచాడు. నిన్న నేను సరిగా కొట్టలేదు."

దేన్ని కొట్టలేదని అడిగింది వాల్బుర్గా. ఆఫ్రా చెప్పింది. గొయ్యి, దిమ్మ, పార, మణికట్టు, మోచెయ్యి, భుజం. ఈ వంటింట్లో నిలబడి చెబుతుంటే అదంతా పిల్లలు మట్టితో ఆడే ఆటలా వినిపించింది. ఇంత చిన్న దాని మీద ఆధారపడి అంబులెన్సును తిప్పి పంపానా అని తనకే అనిపించింది. వాల్బుర్గా అడ్డుపడకుండా విన్నది.

"కావాలని మెల్లగా కొట్టావా?"

"కావాలని కాదు. కానీ కొడుతుండగానే తెలిసింది. తెలిశాక ఇంకో దిమ్మ కోయలేదు. అది కావాలనే."

"ఎందుకు?"

కారణం చెబితే తప్పంతా వాల్బుర్గా మీద పెట్టినట్టవుతుంది.

బయట ఎవరో బూర ఊది చూసుకున్నారు, ఒక్క స్వరం. వాల్బుర్గా బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూచుంది. వేసుకున్న తొడుగు కూడా తీసేసింది.

"మరి బుధవారం? ఆయన పోయిన రోజు?"

"బుధవారం గట్టిగానే కొట్టాను."

"ఎంత గట్టిగా?"

"ఎంత కొట్టాలో అంత."

"చూపించు."

ఆఫ్రాకు అర్థం కాలేదు. వాల్బుర్గా బల్ల మీదున్న పళ్ళాన్ని పక్కకు జరిపి, ఖాళీ చేసిన చోట వేలితో తట్టి, ఇక్కడ అన్నట్టు చూసింది.

ఆఫ్రా కోటు చేతులు పైకి లాక్కుంది. మణికట్టు నుంచి మొదలుపెట్టింది. చెక్క మీద చెయ్యి తన బరువుతో తాను పడింది, పది సార్లు. తర్వాత మోచేతి నుంచి. బల్ల కదిలింది. పళ్ళెంలో చెంచాలు గలగలలాడాయి. వాల్బుర్గా రెండు చేతులూ బల్ల మీద చాపి ఆనించి ఉంది. ఒక్కొక్క దెబ్బా ఆమె మోచేతుల్లోకి పాకడం కనబడుతోంది. ఐదో దెబ్బ దగ్గర ఆఫ్రా ఆగింది.

"ఇక్కడ విరిగింది."

"ఇక్కడా."

"ఆఁ."

వాల్బుర్గా చెయ్యి పడిన చోటును వేలితో తడిమింది. "నిన్నటిది కూడా చూపించు."

ఆఫ్రా భుజం నుంచి చెయ్యి ఎత్తింది. ఎలా కొట్టిందో అలాగే దింపాలని దింపింది. బల్లకు జానెడు పైన చెయ్యి నెమ్మదించి, చెక్కకు ఆనుకుని, లేచింది. చెంచాలు కదల్లేదు. ఇంకోసారి చేసి చూపించింది. మూడోసారి చేయబోతే వాల్బుర్గా ఆమె మణికట్టు పట్టుకుంది.

"చాలు."

చెయ్యి వదల్లేదు. ఆ పట్టులో కోపం ఉందో లేదో ఆఫ్రాకు తెలియలేదు.

"అంటే బతికున్నాయనకి అలా కొట్టి, పోయినాయనకి ఇలా కొట్టావన్నమాట."

ఆ మాటను ఎటునుంచి తిప్పి చూసినా ఆఫ్రాకు తప్పు దొరకలేదు. వాల్బుర్గా ఆ చేతిని బల్ల మీద పెట్టి, లేచి, వీధి తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది.

ఏం చెప్పిందో ఆఫ్రాకు వినబడలేదు. బయట గొంతులన్నీ ఒక్కసారి తగ్గి, తర్వాత ఒకటొకటిగా లేచాయి. మైన్‌రాడ్ లోపలికి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"నిన్న సాయంత్రం నిన్ను రెండుసార్లు అడిగాను."

"అడిగావు."

"నలభై మందిని పంపేవాణ్ణి. అటునుంచి మీ ఆయన వస్తున్నాడు." ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వినడం తేలికయ్యేది. రేడియో తీసి, అటువైపు అడ్డకర్ర దగ్గరున్నవాళ్ళకు దారి మూత అని చెప్పాడు. ఎగిడ్ ఇంకా బయల్దేరలేదని జవాబు వచ్చేదాకా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. తర్వాత మైన్‌రాడ్ కుర్చీ వెన్ను పట్టుకుని ఒకసారి ఊపిరి వదిలాడు. సోమవారం దాకా నువ్వు ఆ గట్టు దగ్గరికి వెళ్ళకు, నేను, సెవెరిన్ వెళతాం అన్నాడు. ఆఫ్రా సరేనంది.

ఆమె బయటికి వచ్చేసరికి పేటిక తాళ్ళు విప్పుతున్నారు. మోసేవాళ్ళు మళ్ళీ ఆరుగురూ పట్టుకుని, గుమ్మంలో కాస్త వంచి, ఉత్తరపు గదిలోకి తీసుకెళ్ళారు. బాజా వాళ్ళు ఊదకుండానే బూరలు సంచుల్లో పెట్టుకున్నారు. పిల్లలకు దండ ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. కాసేపు అలాగే పట్టుకుని నిలబడి, చివరికి గోడకు ఆనించి వెళ్ళిపోయారు. క్రెసెంజ్ పక్కావిడతో, తెరుస్తారు, మూస్తారు, మనమంటే ఆటయిపోయింది అంది. తగ్గించి అనలేదు. సెవెరిన్ ఆఫ్రా పక్కనుంచి పోతూ ఆగి, ఏదో అనబోయి, చేతి తొడుగులు సరిచేసుకుని వెళ్ళిపోయాడు. ఆ దిమ్మ పక్కన ముఖం పెట్టి చూసింది నేనే కదా, నాకెలా తెలియలేదు అన్నదే అతను అనబోయిన మాట అని ఆమెకు అనిపించింది. మాట్లాడాల్సింది అతను కాదు, తాను. నువ్వు సరిగానే చూశావు, తప్పు నేను కొట్టినదానిలో ఉందని.

వాల్బుర్గా గుమ్మంలో నిలబడి ఉంది. వచ్చిన ఒక్కొక్కళ్ళకీ చెయ్యి ఇచ్చి పంపిస్తోంది. ఆయనకు తొందరేం లేదులే అని ఒకరిద్దరితో అనడం వినిపించింది. ఆఫ్రా చివర్న వెళ్ళింది. వాల్బుర్గా ఆమెకు చెయ్యి ఇవ్వలేదు.

"దారి తెరిచిన రోజున నువ్వే వచ్చి చెప్పు," అంది. "మైన్‌రాడ్‌ను పంపొద్దు, ఫోన్ చేయొద్దు. నువ్వు వచ్చి తెరిచామంటేనే ఆయన్ని తీసి జారుడుబండికి కట్టిస్తాను."

"సరే పెద్దమ్మా."

"అప్పటిదాకా ఈ గుమ్మం తొక్కకు."

ఆఫ్రా తలూపింది. వాల్బుర్గా లోపలికి వెళ్ళింది. ఉత్తరపు గదిలో చలి నిలిచేలా కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి, గాలికి కొట్టుకోకుండా కొక్కేలు తగిలించింది.